పొట్లంపై ఒక పేరు, పందిరిపై మరొక తీగ

తప్పు పేరుతో వచ్చిన విత్తనం నుంచి పెరిగిన కూరగాయ పాదును గుర్తించే విధానం

పెరటి తోటలు, మిద్దె తోటలు పెరుగుతున్న కొద్దీ కృషి విజ్ఞాన కేంద్రాలకు, ఏరువాక కేంద్రాలకు ఒక ప్రశ్న తరచుగా వస్తోంది. “బీర అని విత్తాం, వచ్చింది బీరలా లేదు. ఇది ఏ మొక్క?” ప్రశ్నతోపాటు ఫోనులో ఒక ఆకు ఫొటో వస్తుంది. సమాధానం అందేలోపే రెండో ప్రశ్న: “కాయ వండుకోవచ్చా?” మొదటి ప్రశ్న వృక్షశాస్త్రానికి సంబంధించినది. రెండోది ఆరోగ్యానికి సంబంధించినది. విస్తరణ శాస్త్రవేత్త చెప్పిన పేరు అదే రోజు వంటింట్లోకి వెళ్తుంది. అందువల్ల ఈ గుర్తింపును ఊహకు వదలకుండా ఒక క్రమ పద్ధతిలో చేయవలసి ఉంటుంది.

విత్తన పొట్లంపై ముద్రించిన పేరు అమ్మకందారు చేసిన ప్రకటన మాత్రమే. దానికి సాక్ష్యం మొక్కలో ఉంటుంది. 2023 వేసవిలో ఉత్తర అమెరికాలో జలపెనో మిరప పేరుతో కొన్న విత్తనం వేసిన ఎందరో ఇంటి తోటల వారికి ముదురాకుపచ్చని కారపు కాయలకు బదులు పొడవాటి లేత పసుపు కాయలు కాశాయి. టోకు స్థాయిలో ఒక లాటుకు జరిగిన పొరపాటు చిల్లర పొట్లాల ద్వారా వేలాది ఇళ్లకు ఎలా చేరుతుందో ఆ ఉదంతం చూపింది. అక్కడ నష్టం నిరాశతో ముగిసింది. మన పందిళ్లపై ఎక్కువగా పెరిగే గుమ్మడి కుటుంబపు తీగల విషయంలో నష్టం అంతటితో ఆగకపోవచ్చు. ఈ వ్యాసం ప్రధానంగా ఆ కుటుంబానికే పరిమితం.

పొరపాటు ఏ దశలో జరిగింది?

మొక్క పేరు వెతకడానికి ముందు, తేడా మొక్కలు ఎన్ని ఉన్నాయి, ఎక్కడ ఉన్నాయి అన్నది లెక్కించాలి. ఈ ఒక్క పరిశీలనే సగం సమాధానం ఇస్తుంది.

విత్తిన గుంటలన్నింటిలోనూ ఒకే రకమైన తేడా మొక్కలు ఉంటే అది పేరు తారుమారు. ప్యాకింగ్ దశలో ఒక పంట విత్తనం మరొక పంట పొట్లంలోకి వెళ్లిందని భావించవచ్చు. ఎక్కువ మొక్కలు సరిగ్గా ఉండి ఒకటి రెండు మాత్రమే వేరుగా ఉంటే అది భౌతిక కల్తీ. కళ్లంలోనో, శుద్ధి యంత్రంలోనో, సంచుల్లోనో వేరే విత్తనం కలిసింది. మొక్కలు ఒకదానితో ఒకటి పోలకుండా, కాయ ఆకారంలో, రంగులో అంచెలంచెలుగా తేడాలు చూపుతుంటే అది జన్యుపరమైన కలుషితం. విత్తనోత్పత్తి క్షేత్రంలో వేరాటు దూరం పాటించక పరపరాగ సంపర్కం జరిగి ఉండాలి, లేదా సంకర రకం కాయ నుంచి తీసిన విత్తనాన్ని తిరిగి వేసి ఉండాలి.

నాలుగో అవకాశాన్ని చాలామంది మరచిపోతారు. మొక్క అసలు పొట్లంలోని విత్తనం నుంచి వచ్చిందేనా? వంటింటి చెత్తతో చేసిన కంపోస్టులో గుమ్మడి, దోస, కర్బూజ గింజలు చావకుండా మిగిలి, కుండీలో మొలుస్తాయి. దొండను సాధారణంగా తీగ ముక్కలతోనే నాటుతారు కనుక, విత్తిన మడిలో దొండ తీగ కనబడితే అది పక్షులు వదిలిన గింజ నుంచి వచ్చినదని అనుమానించాలి. మొలక దశలోనే దీనిని తేల్చుకోవడానికి ఒక సులభ మార్గం ఉంది. ఈ కుటుంబపు మొక్కల్లో బీజదళాలు నేలపైకి వస్తాయి. ఖాళీ విత్తన కవచం బీజదళం కొనకు అంటుకొని గాని, మొలక పక్కన మట్టిలో గాని దొరుకుతుంది. దానిని తీసి పొట్లంలో మిగిలిన గింజలతో పోల్చితే మొక్క మూలం తెలుస్తుంది.

తోటల వారిలో ఒక అపోహ బలంగా ఉంది. పక్కన సొర పాదు ఉన్నందువల్ల బీర కాయ రూపం మారిందని అంటారు. ఇది నిజం కాదు. కాయ కండ, తొక్క తల్లి మొక్క కణజాలాలు. ఈ సీజనులో పడిన పుప్పొడి ప్రభావం లోపలి గింజలో ఉంటుంది, ఆ గింజను వేసిన తరువాతి తరంలోనే పైకి కనబడుతుంది. పైగా సొర, బీర వేర్వేరు ప్రజాతులు. కనుక కాయ వేరుగా ఉన్నదంటే కారణాన్ని పక్క పాదులో కాక, వేసిన విత్తనంలో వెతకాలి.

పేరులోనే ఉన్న చిక్కు

కొన్ని ఫిర్యాదుల్లో విత్తనం సరైనదే, పేరు దగ్గరే గందరగోళం ఉంటుంది. తెలుగువారు పప్పులో, పచ్చడిలో వాడే గుండ్రని పసుపు దోసకాయ వృక్షశాస్త్రం ప్రకారం కుకుమిస్ మెలో, అంటే కర్బూజ జాతికి చెందినది. పచ్చిగా తినే కీర దోస కుకుమిస్ సటైవస్. పొట్లంపై ఇంగ్లీషులో ‘కుకుంబర్’ అని, తెలుగులో ‘దోస’ అని ఉంటే కొన్నవారు ఏది ఆశించారో, అమ్మినవారు ఏది ఉద్దేశించారో వేర్వేరు కావచ్చు. అలాగే ‘గుమ్మడి’ అన్న ఒకే మాట కింద తీపి గుమ్మడి (కుకుర్బిటా మోస్కాటా), బూడిద గుమ్మడి (బెనిన్కాసా హిస్పిడా) అనే రెండు ప్రజాతులున్నాయి. ఒక ప్రాంతంలో సొర అన్నదే మరొక ప్రాంతంలో ఆనప. అందువల్ల ఫిర్యాదుదారును మొదట అడగవలసినది, ఆ కాయతో వారు ఏ వంట చేయదలచారన్నది. ఆ సమాధానంతో వారు ఉద్దేశించిన పంట స్పష్టమవుతుంది.

గుర్తింపు క్రమం

ఆకును బట్టి తీర్పు చెప్పడం ఈ కుటుంబంలో ప్రమాదకరం. ఒకే తీగపై కింది ఆకులు, పై ఆకులు తమ్మెల లోతులో తేడా చూపుతాయి. నీడ, నత్రజని కూడా ఆకు పరిమాణాన్ని మారుస్తాయి. విత్తనం, నులితీగ, పువ్వు, కాయ అనే నాలుగింటిలో కనీసం రెండు, వాటిలో ఒకటి తప్పనిసరిగా పువ్వు లేదా కాయ, ఒకే పేరును సూచించినప్పుడు మాత్రమే ఆ పేరును ఖాయం చేయాలి.

విత్తనం: పొట్లంలో నాలుగు గింజలు మిగిలినా చాలు. బీర గింజ నల్లగా, ఉపరితలం గరుకుగా, గుంటలు పడినట్లు ఉంటుంది, అంచున రెక్క ఉండదు. నేతి బీర గింజ నున్నగా ఉండి చుట్టూ సన్నని రెక్క వంటి అంచు కలిగి ఉంటుంది. సొర గింజ పొడవాటి దీర్ఘచతురస్రాకారంలో, ఒక కొసన చిన్న చెవుల వంటి మూలలతో ఉంటుంది. కాకర గింజపై చెక్కినట్లు గీతలు, అంచున గంట్లు ఉంటాయి. పొట్ల గింజ మందంగా, గరుకుగా, అలల వంటి అంచుతో ఉంటుంది. కీర, దోస, కర్బూజ గింజలు మాత్రం నున్నగా, లేత రంగులో ఒకదానిని పోలి మరొకటి ఉంటాయి. వాటిని గింజతో వేరుచేయడం సాధ్యం కాదు, పువ్వు వరకు ఆగాలి.

నులితీగ: ఇది చిలకకుండా ఒంటిగా ఉంటే కీర, దోస, కర్బూజ, కాకర, దొండలలో ఒకటి. రెండు లేదా అంతకు మించి పాయలుగా చీలితే సొర, బీర, నేతి బీర, గుమ్మడి, బూడిద గుమ్మడి, పొట్ల, పుచ్చలలో ఒకటి. పూత రాకముందే అవకాశాల సంఖ్యను సగానికి తగ్గించే లక్షణమిది. లేత కొసన కాక, బాగా విచ్చుకున్న నాలుగైదు నులితీగలను చూసి నిర్ణయించాలి.

ఆకు: ఆకు నుంచి తీసుకోదగిన కచ్చితమైన లక్షణాలు రెండే. ఆకు పలక, కాడ కలిసేచోట రెండు చిన్న గ్రంథులు జంటగా ఉంటే అది సొర (లజెనేరియా సిసెరేరియా). చిన్న భూతద్దంతో ఇవి స్పష్టంగా కనబడతాయి. ఆకు మధ్య ఈనె వరకు ఈకలా లోతుగా చీలి ఉంటే అది పుచ్చ ప్రజాతి.

పువ్వు: రంగు, విచ్చుకునే వేళ, పూల అమరిక, కేసరాల సంఖ్య గమనించాలి. సొర పువ్వు తెల్లగా ఉండి సాయంత్రం విచ్చుకుంటుంది. పొట్ల పువ్వు కూడా తెలుపే, రాత్రివేళ విచ్చుకుంటుంది, కాని రేకుల అంచులు దారపు కుచ్చుల్లా చీలి ఉంటాయి. దొండ పువ్వు తెల్లగా, గంట ఆకారంలో ఉంటుంది, ఆడ, మగ పూలు వేర్వేరు మొక్కలపై పూస్తాయి. గుమ్మడి పువ్వు పెద్దది, ముదురు పసుపు రంగులో రేకులు అడుగున కలిసి గంటలా ఉంటుంది. బూడిద గుమ్మడి పువ్వు పసుపే, అయితే రేకులు విడివిడిగా ఉంటాయి, మగ పువ్వు ఒంటిగా పూస్తుంది. బీర, నేతి బీరలలో రేకులు విడిగానే ఉన్నా మగ పూలు గెలలుగా వస్తాయి. కాకర పూకాడపై చిన్న ఆకు వంటి పుచ్ఛం ఒకటి ఉంటుంది.

ఆడ పువ్వు: విచ్చుకున్న రేకుల కింద అండాశయం కాయ నమూనాలా ఉంటుంది. కాయ పెరిగే వరకు ఆగకుండానే దాని భావిరూపం ఇక్కడ చదవవచ్చు. కీర అండాశయంపై చిన్న బుడిపెలు, ముళ్ల వంటి నూగు ఉంటాయి. దోస, కర్బూజ అండాశయంపై మెత్తని నూగు ఉంటుంది. బీరలో అండాశయంపైనే కోణాలు కనబడతాయి.

కాయ తొడిమ: గుమ్మడి ప్రజాతిలో జాతులను విడదీయడానికి తొడిమే ఉత్తమ సాధనం. మోస్కాటా తొడిమ గట్టిగా, ఐదు కోణాలతో ఉండి కాయను అంటిన చోట పాదంలా విచ్చుకుంటుంది. మాక్సిమా తొడిమ గుండ్రంగా, బెండులా మెత్తగా ఉంటుంది. పెపో తొడిమ గట్టిగా, కోణాలతో ఉన్నా కాయ దగ్గర అంతగా విచ్చుకోదు. జుకినీ ఈ పెపో జాతికి చెందినదే.

ఒక ఉదాహరణ: బీరా, నేతి బీరా?

పై క్రమాన్ని తరచుగా ఎదురయ్యే ఒక సందర్భానికి అన్వయించి చూడవచ్చు. పొట్లంపై ‘బీర’ అని ఉంది. పది గుంటల్లోనూ ఒకే రకం తీగలు వచ్చాయి. నులితీగలు పాయలుగా ఉన్నాయి. ఆకు కాడ కొసన గ్రంథులు లేవు కనుక సొర కాదు. మగ పూలు గెలలుగా, పసుపు రంగులో ఉన్నాయి కనుక లూఫా ప్రజాతి అని తేలింది. ఇక మిగిలినవి రెండు జాతులు.

ఇక్కడ గడియారం ఉపయోగపడుతుంది. బీర (లూఫా అక్యుటాంగులా) పూలు లేత పసుపులో ఉండి సాయంత్రం విచ్చుకుంటాయి. నేతి బీర (లూఫా ఈజిప్టియాకా, పాత పుస్తకాల్లో లూఫా సిలిండ్రికా) పూలు ముదురు పసుపులో ఉండి తెల్లవారుజామున విచ్చుకుంటాయి. తోట యజమానిని రెండు రోజులు ఉదయం ఆరు గంటలకు, సాయంత్రం ఆరు గంటలకు ఒక్కొక్క ఫొటో తీయమంటే ఖర్చు లేకుండా ఆధారం దొరుకుతుంది. తరువాత మగ పువ్వును చీల్చి చూడాలి. బీరలో మూడు కేసరాలు, నేతి బీరలో సాధారణంగా ఐదు కేసరాలు ఉంటాయి. చివరగా కాయ. బీరకు పది పదునైన కోణాలు, నేతి బీరకు కోణాలకు బదులు ముదురు రంగు గీతలు మాత్రమే ఉంటాయి. పూలలో కేసరాలు, అండాశయం రెండూ కలిసి ఉండి కాయలు గుత్తులుగా కాస్తే అది బీహారు ప్రాంతంలో సాగయ్యే సత్పుతియా రకం కావచ్చు.

నేతి బీరకాయలో నెయ్యి ఉండదన్న సామెత తెలుగువారందరికీ తెలిసినదే. పేరును బట్టి వస్తువును నమ్మరాదని హెచ్చరించే ఆ మాట విత్తన పొట్లానికీ వర్తిస్తుంది. ఈ ఉదాహరణలో లేత నేతి బీరకాయ వంటకు పనికివస్తుంది కాబట్టి పెరటి తోట యజమానికి ఇబ్బంది లేదు. అర ఎకరంలో పందిరి వేసి, బీర ధర చూసుకొని పెట్టుబడి పెట్టిన రైతుకు మాత్రం ఒక సీజను పోయినట్లే.

రెండు జాతుల లక్షణాలు కలగలసి కనబడితే, ఉదాహరణకు కోణాలు సగం మాత్రమే తేలిన కాయలు వస్తే, సంకరాన్ని అనుమానించాలి. బీర, నేతి బీరల మధ్య సంకరం సాధ్యమే. అంతకంటే జాగ్రత్త పడవలసినది చేదు బీర విషయంలో. చూపుకు బీరలాగే ఉండి, చిన్న కాయలు కాసే ఈ అడవి రూపం తీవ్రమైన చేదు, విరేచనకారి గుణం కలిగినది. పై లక్షణాలన్నీ సరిపోయినా కాయ చేదుగా ఉంటే పేరు ‘బీర’ అని చెప్పి సరిపెట్టకూడదు.

చేదు హెచ్చరికను విస్మరించరాదు

గుమ్మడి కుటుంబపు మొక్కలు తమ రక్షణ కోసం కుకుర్బిటాసిన్లు అనే చేదు పదార్థాలను తయారుచేసుకుంటాయి. సాగు రకాల్లో తరతరాల ఎంపిక వలన కాయలో ఇవి దాదాపు లేకుండా పోయాయి. అడవి రూపాలతోనో, అలంకరణ కోసం పెంచే గుమ్మళ్లతోనో సంపర్కం జరిగిన విత్తనంలో ఆ గుణం తిరిగి వస్తుంది. కాయ రూపం మామూలుగానే ఉండవచ్చు. వండినా ఈ పదార్థాలు నశించవు.

2015లో జర్మనీలోని హైడెన్‌హైమ్‌లో ఇంటి తోటలో పండిన చేదు జుకినీ కూర తిన్న 79 ఏళ్ల వ్యక్తి మరణించాడు. మన దేశంలో చేదు సొరకాయ రసం తాగి అస్వస్థతకు, మరణాలకు గురైన సంఘటనలపై భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల సంఘాన్ని నియమించింది. ఆ సంఘం నివేదిక 2012లో ప్రచురితమైంది. రసం తీసే ముందు కాయ ముక్కను రుచి చూడాలని, చేదుగా ఉంటే పారవేయాలని, తాగిన తరువాత అస్వస్థత కలిగితే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలని సూచించారు. వాంతులు, కడుపునొప్పి, విరేచనాలు, తీవ్రమైన సందర్భాల్లో రక్తపు వాంతులు, రక్తపోటు పడిపోవడం దీని లక్షణాలు. దీనికి ప్రత్యేక విరుగుడు లేదు, లక్షణాలను బట్టి చికిత్స చేయవలసిందే.

నాలుక పరీక్షకు ఒక హద్దు ఉంది. మొక్క తినదగిన కూరగాయ జాతి అని పువ్వు, కాయ ఆధారంగా తేలిన తరువాతే చిన్న ముక్కను నాలుక కొనకు తాకించి, ఉమ్మివేసి, నోరు కడుక్కోవాలి. జాతి తేలని కాయను రుచి చూడరాదు. చేదు తగిలితే ఆ కాయనే కాక ఆ తీగపై కాయలన్నింటినీ వదిలివేయాలి, గింజ దాచరాదు. చేదును ఉప్పుతో పిండో, చింతపండు వేసో తగ్గించుకోవచ్చన్న అలవాటు కాకర విషయంలో చెల్లుతుంది. సొర, దోస, బీర, గుమ్మడిలలో చేదు ప్రమాద సూచిక. ఈ తేడాను విస్తరణ సిబ్బంది ప్రతి శిక్షణలో స్పష్టం చేయాలి.

తీగ జాతులకు వెలుపల ఇంతే జాగ్రత్త అవసరమైన మొక్క ఉమ్మెత్త. లేత దశలో ఇది వంగ నారులో కలిసిపోయి కనబడవచ్చు. వంగ పువ్వు ఊదా రంగులో, నక్షత్రాకారంలో, పసుపు పరాగకోశాల శంకువుతో ఉంటుంది. ఉమ్మెత్త పువ్వు పొడవాటి బాకాలా ఉంటుంది, కాయ ముళ్లతో ఉంటుంది. ఇందులోని అట్రోపిన్, స్కోపోలమైన్ వంటి ఆల్కలాయిడ్లు మొక్క అన్ని భాగాల్లోనూ ఉంటాయి. అనుమానం కలిగిన మొక్కను రుచి చూడకుండానే పీకివేయాలి.

నమూనా, నమోదు, ఆధారం

ఫోను యాప్‌లు ఫొటోను బట్టి కొన్ని పేర్లను సూచిస్తాయి. వాటిని పరిశీలన మొదలుపెట్టడానికి వాడవచ్చు, తీర్పుగా తీసుకోరాదు. ఆకు ఫొటో ఒక్కటే ఇస్తే లూఫా జాతులను విడదీయడం మనిషికైనా యంత్రానికైనా కష్టమే. ఫొటోలు అడిగేటప్పుడు ఐదు అడగాలి: నులితీగతో సహా కణుపు, ఆకు అడుగు భాగం, మగ పువ్వు లోపలి భాగం, పక్కనుంచి ఆడ పువ్వు, అడ్డంగా కోసిన కాయ. ప్రతి ఫొటోలో కొలబద్ద ఉండాలి, తేదీ, సమయం రాయాలి.

అప్పటికీ తేలకపోతే కణుపు, ఆకు, నులితీగ, ఆడ, మగ పూలు ఉన్న తీగ ముక్కను పాత వార్తాపత్రికల మధ్య ఒత్తి ఆరబెట్టాలి. ఆరితే మాయమయ్యే రంగు, వాసన, పూసిన వేళ వివరాలను చీటీలో రాయాలి. ఇటువంటి నమూనాలను పోల్చి చూడటానికి హైదరాబాదులో భారత వృక్షశాస్త్ర సర్వేక్షణ సంస్థ ప్రాంతీయ కేంద్రం, జాతీయ మొక్కల జన్యు వనరుల సంస్థ ప్రాంతీయ స్టేషను ఉన్నాయి. డీఎన్‌ఏ పరీక్ష జాతిని నిర్ధారించగలదు, తగిన మార్కర్లుంటే సంకర రకపు స్వచ్ఛతనూ చెప్పగలదు. అయితే ఒక పువ్వు చూసి తేల్చగల విషయానికి దానిని వాడనవసరం లేదు.

రైతు స్థాయి నష్టం జరిగినప్పుడు ఈ నమోదుకు చట్టపరమైన విలువ కూడా ఉంటుంది. 1966 విత్తన చట్టం, 1983 విత్తన నియంత్రణ ఉత్తర్వుల పరిధిలో అమ్మే విత్తనానికి లేబులు ఒక బాధ్యత. ధ్రువీకరించిన విత్తనానికి నీలి ట్యాగు, అమ్మకందారు స్వీయ బాధ్యతపై అమ్మే విత్తనానికి లేత ఆకుపచ్చ లేబులు ఉంటాయి. లాట్ నంబరు దానిపైనే ఉంటుంది. చిల్లరగా కాగితంలో కట్టి ఇచ్చిన గింజకు ఈ ఆధారం ఉండదు.

ఆంధ్రప్రదేశ్ రైతులకు సంబంధించిన జాతీయ విత్తన సంస్థ, ఎం. మధుసూదన్ రెడ్డి కేసులో సుప్రీంకోర్టు 2012 జనవరిలో ఇచ్చిన తీర్పు ఈ విషయంలో చదవదగినది. విత్తనం కొన్న రైతు వినియోగదారుడేనని, విత్తన చట్టం ఉన్నంత మాత్రాన వినియోగదారుల ఫోరాన్ని ఆశ్రయించే హక్కు పోదని న్యాయస్థానం స్పష్టం చేసింది. కొన్న విత్తనమంతా రైతు విత్తుకుంటాడు కనుక పరీక్షకు నమూనా మిగల్చలేదని అతని ఫిర్యాదును తోసిపుచ్చరాదన్నది ఆ తీర్పులోని ముఖ్యాంశం. పొలాన్ని చూసిన వ్యవసాయ నిపుణుల నివేదికలు ఆ కేసుల్లో కీలకమయ్యాయి. అంటే క్షేత్ర సందర్శనలో శాస్త్రవేత్త రాసే నాలుగు పంక్తులు రైతుకు పరిహారం వస్తుందా, రాదా అన్నదాన్ని నిర్ణయించవచ్చు. ‘విత్తనం నాసిరకం’ అన్న సాధారణ వాక్యం అక్కడ నిలవదు. ఎన్ని మొక్కలు పరిశీలించారు, వాటిలో ఎన్ని కేళీలు, ఏ లక్షణాలను బట్టి ఏ జాతిగా గుర్తించారు, ఏ తేదీన చూశారు అన్నవి ఉండాలి.

విస్తరణ సిబ్బందికి, విద్యార్థులకు సూచనలు

విత్తన పొట్లాన్ని, రసీదును, కనీసం పది గింజలను పంట చివరి వరకు దాచమని తోటల వారికి, రైతులకు చెప్పాలి. రసీదుపై లాట్ నంబరు వేయించుకోవడం అలవాటు చేయాలి. విత్తిన గుంటలకు గుర్తులు పెట్టమనాలి. మొలక దశ, మొదటి మగ పువ్వు, మొదటి ఆడ పువ్వు అనే మూడు దశల్లో ఫొటో తీయించాలి. తేడా మొక్కను కోపంతో పీకివేయకుండా, గుర్తింపు పూర్తయ్యే వరకు ఒకటి రెండింటిని ఉంచమనాలి. అప్పటిదాకా దాని కాయను ఎవరూ తినకుండా, పిల్లలకు, పశువులకు అందకుండా చూడమనాలి.

విద్యార్థులు తమ కళాశాల క్షేత్రంలో ఈ పన్నెండు, పదమూడు తీగ కూరగాయలను ఒకే పందిరి కింద పెంచి, పేరు పలకలు తీసివేసి, నులితీగ, పువ్వు, విత్తనం ఆధారంగా ఒకరినొకరు పరీక్షించుకోవచ్చు. ఒక్క ఖరీఫ్‌లో పూర్తయ్యే ఈ అభ్యాసానికి భూతద్దం, బ్లేడు, నోటుపుస్తకం చాలు. ఫోనులో వచ్చిన ఆకు ఫొటోకు వెంటనే ఒక పేరు చెప్పాలన్న ఒత్తిడి ప్రతి శాస్త్రవేత్తకూ ఎదురవుతుంది. “పువ్వు వచ్చాక ఉదయం, సాయంత్రం ఫొటోలు పంపండి, అప్పటి వరకు కాయ తినవద్దు” అని చెప్పడం ఆ సమయానికి పూర్తి సమాధానమే.